పవర్ హౌస్ స్థలం: కరెంటు కంపెనీ సర్కారుపరమైతే కౌలు నేల ఎవరిది?

కక్షిదారుల ఒప్పుకోలుతోనే ఈ కేసు రాస్తున్నాను. ఊరి పేరు, మనుషుల పేర్లు, సర్వే నెంబరు ఇవ్వను. విస్తీర్ణాలూ, కుటుంబానికి సంబంధించిన సంవత్సరాలూ కొద్దిగా మార్చాను. చట్టాల తేదీలు మాత్రం ఉన్నవున్నట్టే ఉంచాను. గుంటూరు కోర్టుల్లో పాతికేళ్ళుగా ఆస్తి దావాలు చూస్తున్నాను. భాగపంపకాలు, గట్టు తగాదాలు, దొంగ దస్తావేజులు నాకు కొత్త కాదు. ఈ కేసులో మాత్రం మొదటి అడుగే తప్పుగా వేశాను. ఆ తప్పు ఎక్కడ జరిగిందో, దారి మళ్ళీ ఎట్లా దొరికిందో ఇలాంటి కేసు చేతికొచ్చిన జూనియర్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

వచ్చిన సమస్య

2019 వేసవిలో ఒక రిటైర్డ్ మాస్టారు, వాళ్ళ అక్కగారు బ్రాడీపేటలో మా ఆఫీసుకి వచ్చారు. వాళ్ళ ఊరు గుంటూరుకి బస్సులో గంట దూరం. ఊరి మధ్య వాళ్ళ తాతగారి నాటి నేల 72 సెంట్లు ఉంది. అందులో 30 సెంట్లలో 33/11 కె.వి. సబ్‌స్టేషన్ ఉంది. మిగతా 42 సెంట్లు ఖాళీ, ఒక వేపచెట్టు, రెండు కరెంటు స్తంభాలు.

"కూతురి పెళ్ళి పెట్టుకున్నాం లాయరు గారూ. ఆ 42 సెంట్లు అమ్ముదామని బేరం కుదుర్చుకుని బయానా కూడా తీసుకున్నాం. తీరా రిజిస్ట్రారాఫీసుకి పోతే ఈ నెంబరు 22-ఎ లో ఉంది, రిజిస్ట్రేషన్ కాదు అన్నారండి" అన్నారు మాస్టారు.

22-ఎ అంటే రిజిస్ట్రేషన్ చట్టంలో నిషేధిత ఆస్తుల జాబితా. టౌన్ సర్వే రిజిస్టరులో ఆ నెంబరు మొత్తానికీ, అంటే 72 సెంట్లకీ, ఎదురుగా 'విద్యుత్ శాఖ' అని రాసి ఉంది. ఆ ఒక్క మాట పట్టుకుని నెంబరు మొత్తం జాబితాలోకి ఎక్కింది.

సబ్‌స్టేషన్ ఎట్లా వచ్చిందని అడిగాను. "పూర్వం అక్కడ ప్రైవేటు కరెంటు కంపెనీ పవర్ హౌస్ ఉండేదటండి. తర్వాత గవర్నమెంటు జాతీయం చేసి అంతా లాగేసుకుందని మా నాన్నగారు అనేవారు" అన్నారు. అక్కగారు మాట్లాడలేదు. ఆవిడ ఒళ్ళో పాత బిస్కెట్ల రేకు డబ్బా ఒకటి ఉంది. అందులో ఏముందని నేను అడగలేదు. కాగితాల సంగతి మగవాళ్ళకే తెలుస్తుందన్న అలవాటు నాలోనూ ఉంది. ఆ అలవాటు మాకు రెండేళ్ళ ఖర్చయింది.

పనిచెయ్యని దారులు

నా దగ్గరికి రాకముందే వాళ్ళు సమాచార హక్కు చట్టం కింద అర్జీ పెట్టుకున్నారు. భూసేకరణ అవార్డు నకలు ఇమ్మని అడిగారు. అలాంటి రికార్డు లేదని జవాబొచ్చింది. రికార్డు మాయం చేశారని ఇంటిల్లిపాదీ నమ్మారు. నేనూ సగం నమ్మాను. అసలు భూసేకరణే జరగలేదేమో, అందుకే అవార్డు లేదేమో అన్న ఆలోచన అప్పుడు ఎవరికీ రాలేదు.

నేను చేసిన మొదటి పని నోటీసు. 72 సెంట్లూ మావే, ఖాళీ చెయ్యండి, పాత బాకీ అద్దె కట్టండి అని సబ్‌స్టేషన్ నడిపే కరెంటు పంపిణీ సంస్థకీ కలెక్టరుకీ పంపాను. పెద్దగా అడిగితే చిన్నదైనా దక్కుతుందన్నది అప్పటి నా లెక్క. గట్టు తగాదాల్లో ఆ లెక్క పనిచేస్తుంది. ఊరందరికీ కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌ని ఖాళీ చెయ్యమంటే మాత్రం ఎదుటివాళ్ళు ఒక్క సెంటు కూడా వదిలే స్థితిలో ఉండరు. వాళ్ళ జవాబులో మూడు వాదనలు వచ్చాయి. జాతీయం కావడంతోనే ఆస్తంతా ప్రభుత్వానికి దఖలు పడింది అన్నది మొదటిది. 1910 నాటి భారత విద్యుత్ చట్టం 7వ సెక్షను ప్రకారం కొన్న సంస్థ అన్ని బాధ్యతల నుంచీ విముక్తమై చేతికొచ్చింది అన్నది రెండోది. అరవై ఏళ్ళుగా మా స్వాధీనంలోనే ఉంది కాబట్టి ప్రతికూల స్వాధీనం వల్లనైనా, అంటే ఇతరుల నేలను తమదిగా బహిరంగంగా ఏళ్ళ తరబడి అనుభవిస్తే వచ్చే హక్కు వల్లనైనా, మాదే అన్నది మూడోది.

తర్వాత నేలపాడు హైకోర్టులో రిట్, అంటే అధికారులకు ఆదేశమివ్వమని కోరే అర్జీ, వేశాం. హక్కు ఎవరిదో తేల్చడానికి సాక్ష్యం కావాలి, రిట్‌లో అది కుదరదు, కలెక్టరు గారికి అర్జీ పెట్టుకోండి, ఆయన గడువులోగా తేలుస్తారు అని ముగిసింది. కోర్టు చెప్పింది సబబే. కలెక్టరేట్‌కి పోతే కాగితాలు చూపమన్నారు. మా దగ్గరున్నది తాతగారు కొన్న 1924 నాటి క్రయ దస్తావేజు ఒక్కటే. ఆ తర్వాత ఏం జరిగిందో చెప్పే కాగితం లేదు. అర్జీ తిరస్కరించారు. ఈలోగా కరోనా వచ్చింది. కొనుగోలుదారు బయానా వెనక్కి అడిగాడు. మాస్టారు అప్పుచేసి పెళ్ళి జరిపించారు.

ప్రశ్న మారిన రోజు

అరండల్‌పేటలో ఒక మేడను బ్యాంకుకి అద్దెకిచ్చిన పెద్దాయన నా పాత క్లయింటు. 2021లో లీజు పునరుద్ధరణ కాగితాలు రాయించుకోవడానికి వచ్చి, "ఈ అద్దె మా నాన్నగారు కట్టినప్పటి నుంచీ వస్తోందండీ, బ్యాంకు ప్రైవేటుగా ఉన్నప్పుడూ వచ్చింది, గవర్నమెంటుదయ్యాకా వచ్చింది" అన్నారు.

ఆయన మామూలుగా అన్న మాటే. నాకు మాత్రం ఆ పూట ఇంకే పనీ సాగలేదు. 1969 జూలై 19న 14 బ్యాంకుల్ని జాతీయం చేశారు. బ్యాంకు జాతీయమైంది. బ్యాంకు అద్దెకున్న మేడ జాతీయం కాలేదు. ఇంటాయనకు అద్దెకట్టేవాడు మారాడు, అంతే. కరెంటు కంపెనీకి వేరే న్యాయం ఎందుకుండాలి? రెండేళ్ళుగా మేము 'ఈ నేల ఎవరిది' అని కొట్లాడుకుంటున్నాం. అడగాల్సింది అది కాదు. సర్కారు తీసుకున్న రోజున ఆ నేల మీద కంపెనీకి ఉన్న హక్కేమిటి? కంపెనీకి ఎంతుంటే అంతే చేతులు మారుతుంది. కంపెనీ దగ్గర లేనిదాన్ని కంపెనీ నుంచి ఎవరూ తీసుకోలేరు.

అప్పుడు కూర్చుని ఆ చరిత్ర మొదటి నుంచీ చదివాను. మన జనం మనసులో జాతీయం అంటే ఒక్క రాత్రిలో జరిగే పని. బ్రిటన్‌లో నిజంగానే అలా జరిగింది. 1947లో చట్టం చేశారు, 1948 ఏప్రిల్ 1న దేశంలోని కరెంటు సంస్థలు దాదాపు అన్నీ బ్రిటిష్ ఎలక్ట్రిసిటీ అథారిటీకీ, 14 ఏరియా బోర్డులకూ దఖలు పడ్డాయి. కంపెనీల వాటాదారులకు ప్రభుత్వ హామీ ఉన్న స్టాకు ఇచ్చారు. పురపాలక సంఘాల సంస్థలకు తీరని అప్పు మేరకే లెక్కగట్టారు. ఫ్రాన్స్‌లోనూ 1946 ఏప్రిల్ 8 నాటి ఒక్క చట్టంతో ప్రభుత్వ కరెంటు సంస్థ ఇ.డి.ఎఫ్. పుట్టింది.

మన దేశంలో అలాంటి తేదీ ఒక్కటి లేదు. 1910 చట్టం కింద ఊరికొక లైసెన్సుదారు ఉండేవాడు. డీజిల్ ఇంజన్లు పెట్టి, నాలుగు వీధులకు స్తంభాలు పాతి, దీపాలకూ మిల్లులకూ కరెంటిచ్చేవాడు. లైసెన్సు గడువు తీరినప్పుడు సంస్థను కొనుక్కునే హక్కు సర్కారుకి ఆ చట్టంలోనే ఉంది. 1948 నాటి విద్యుత్ సరఫరా చట్టం రాష్ట్రాల్లో బోర్డులకు దారి వేసింది. 1956 పారిశ్రామిక విధాన తీర్మానం విద్యుత్తును ప్రభుత్వ రంగానికి వదిలిన పరిశ్రమల జాబితాలో చేర్చింది. అయినా ఉన్న ప్రైవేటు కంపెనీలన్నీ పోలేదు. బొంబాయిలో టాటాలూ, కలకత్తాలో సి.ఇ.ఎస్.సి. కంపెనీ ఈనాటికీ ప్రైవేటే.

మన ప్రాంతంలోనైతే ఇంకో మలుపు ఉంది. కరెంటు సంస్థల్ని స్వాధీనం చేసుకోవడానికి మద్రాసు ప్రభుత్వం 1949లో ప్రత్యేక చట్టం చేసింది. రాజమండ్రి ఎలక్ట్రిక్ సప్లై కార్పొరేషన్ దాని మీద సుప్రీంకోర్టుదాకా వెళ్ళింది. 1935 భారత ప్రభుత్వ చట్టం రాష్ట్రాలకిచ్చిన అధికారం నేలను సేకరించడానికే గాని నడుస్తున్న వ్యాపార సంస్థను సేకరించడానికి కాదని చెప్పి, 1954లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని కొట్టేసింది. నేల వేరు, నడిచే సంస్థ వేరు అన్న ఆ తేడా నా కేసుకి ప్రాణం. నా ముందున్నది కూడా అదే చిక్కు. సంస్థను తీసుకున్నారు కాబట్టి నేలనూ తీసుకున్నారని రెండు పక్షాలూ అనుకుంటున్నాయి.

7వ సెక్షను మళ్ళీ చదివాను. కొన్నవాడికి సంస్థ దేని నుంచి విముక్తమై వస్తుందో అక్కడ రాసుంది: అప్పు, తనఖా, అలాంటి ఇతర బాధ్యత. అద్దెకిచ్చినవాడి యాజమాన్యం అప్పు కాదు, తనఖా కాదు. అది కంపెనీ నెత్తిన ఉన్న బరువు కాదు. అసలు కంపెనీ ఆస్తే కాదు. ఎదుటివాళ్ళ రెండో వాదనకు జవాబు వాళ్ళు చూపించిన సెక్షనులోనే ఉంది.

కాగితాల వేట

ఆలోచన దొరికింది. రుజువు కావాలి. అది మూడు చోట్ల దొరికింది.

మొదటిది రిజిస్ట్రారాఫీసు. కంప్యూటర్లో ఇ.సి., అంటే ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల జాబితా, 1983 నుంచే వస్తుంది. అంతకు ముందువి చేతి రాత పుస్తకాల్లో వెతకాలి. ఇంతకు ముందు తాతగారి పేరు మీద వెతికించి ఏమీ లేదనుకున్నాం. ఈసారి కంపెనీ పేరు మీద వెతికించాను. 1931లో రిజిస్టరైన లీజు దొరికింది: 30 సెంట్లు, 30 ఏళ్ళు, ఏడాదికి 48 రూపాయలు. ఇండెక్సులో తాతగారి ఇంటిపేరు ఒక అక్షరం తేడాగా పడింది. అందుకే ముందు కనపడలేదు.

రెండోది హైదరాబాదు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్. మా జూనియరు అమ్మాయి మూడు రోజులు కూర్చుని 1957 నాటి ఫైలు పట్టుకుంది. లైసెన్సు గడువు తీరగానే ప్రభుత్వం కంపెనీని కొన్నప్పటి కాగితాలవి. అందులో ఆస్తుల జాబితా ఉంది. టైపు కొట్టిన ఏడు పేజీలు, అంచులు పొడిపొడిగా రాలిపోతున్నాయి. డీజిల్ ఇంజన్లు రెండు, నూనె ట్యాంకు ఒకటి, రాగి తీగ పౌన్ల లెక్కన, మీటర్లు, టేకు బీరువా, గోడ గడియారం 'నడుచుచున్నది' అని కూడా రాశారు. ఆరో పేజీలో స్థలాలు. 'సొంత స్థలము' అన్న గడిలో అడ్డగీత. పక్కన 'కౌలు స్థలము' అన్న గడిలో 30 సెంట్లు, కౌలు 48 రూపాయలు, గడువు 1961. ఫోనులో ఆ ఫొటో చూశాక ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు. సర్కారు తను ఏం కొంటోందో 1957లో తనే స్పష్టంగా రాసుకుంది. తర్వాతి వాళ్ళెవరూ అది తిరిగి చదవలేదు.

మూడోది అక్కగారి రేకు డబ్బా. లీజు దొరికిందని చెప్పడానికి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. ఆవిడ లోపలికి వెళ్ళి డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. "మా నాయనమ్మ దాచిపెట్టింది బాబూ. ఎందుకు దాచిందో తెలీదు, పారేయొద్దంది" అంది. అవి మనియార్డరు కూపన్లు. పోస్టుమాన్ డబ్బిచ్చాక ఫారం కింద ముక్క చింపి ఇచ్చేవాడు కదా, అవి. ఏడాదికొకటి, రూ. 48. కింద సందేశం రాసే చోట 'పవర్ హౌస్ సైటు అద్దె' అని నీలం సిరా. 1957 దాకా కంపెనీ ముద్ర, రెండేళ్ళు ప్రభుత్వ విద్యుత్ శాఖ ముద్ర, ఆ తర్వాత బోర్డు డివిజన్ ఆఫీసు ముద్ర. చివరిది 1968. ఆ మరుసటేడు తాతగారు పోయారు. ఆయన పేరున వచ్చిన మనియార్డరు తిరిగి వెళ్ళిపోయిందట. వారసులం మేమున్నామని ఉత్తరం రాయాలని నాయనమ్మకు ఎవరూ చెప్పలేదు.

నాకు ఇంతకన్నా బలమైన సాక్ష్యం అక్కర్లేదు. ఆంధ్రప్రదేశ్ విద్యుత్ బోర్డు ఏర్పడింది 1959 ఏప్రిల్ 1న. ప్రభుత్వం మీదున్న బాధ్యతలు బోర్డుకి వస్తాయని 1948 చట్టం 60వ సెక్షను చెబుతోంది. లీజు గడువు 1961తో తీరినా, ఆ తర్వాత ఏడేళ్ళు అద్దె పంపారు, వీళ్ళు పుచ్చుకున్నారు. అంటే కౌలు సాగుతూనే ఉంది. అద్దెకున్నవాడి స్వాధీనం యజమాని అనుమతితో ఉన్న స్వాధీనం. అది ఎన్నేళ్ళు గడిచినా దానంతటదే ప్రతికూలం కాదు. 'ఇది నీది కాదు, నాది' అని బహిరంగంగా చెప్పిన రోజు నుంచే ఆ పన్నెండేళ్ళు లెక్క. వాళ్ళు అలా మొదటిసారి చెప్పింది 2019లో, నా నోటీసుకి ఇచ్చిన జవాబులో. 1999లో బోర్డు విడిపోయి కరెంటు ఉత్పత్తికి జెన్‌కో, సరఫరాకి ట్రాన్స్‌కో అయినప్పుడూ, 2000లో పంపిణీ కంపెనీలు వచ్చినప్పుడూ చేతులు మారింది ఈ కౌలుదారు హక్కే.

ఫలించిన దారి

ఇన్ని రుజువులు చేతిలో ఉన్నప్పుడు దావా వేసి ఖాళీ చేయించమని మాస్టారి తమ్ముడు పట్టుబట్టారు. నేను ఒప్పుకోలేదు. ఆసుపత్రులకూ మంచినీటి పంపులకూ కరెంటిచ్చే సబ్‌స్టేషన్‌ని ఏ కోర్టూ ఎత్తివేయదు, ఎత్తివేయమని అడగడం నాకూ ఇష్టం లేదు. పైగా ఆ కుటుంబానికి తక్షణం కావలసింది ఖాళీ నేల, సబ్‌స్టేషన్ నేల కాదు. అందుకని రెండింటినీ విడదీశాను. 30 సెంట్ల సంగతి ప్రస్తుతం పక్కన పెడతాం, మిగతా 42 సెంట్ల మీద మీకు ఏ కాగితం ఉందో చూపండి అని కొత్తగా ఉత్తరం రాసి, 1957 జాబితా నకలు జతచేశాను.

పంపిణీ సంస్థలో ఆ విషయం చూసిన ఇంజనీరు గారు ఓపికగా విన్నారు. బ్యాంకు మేడ సంగతి చెప్పగానే, "అద్దె ఇల్లు ఖాళీ చెయ్యకపోయినా సొంతమైపోదు కదండీ" అని ఆయనే అన్నారు. మరి నెంబరు మొత్తం శాఖ పేరున ఎందుకు పడిందని వెతికితే ఆ ఖాళీ స్థలంలోని రెండు స్తంభాలే కారణంగా తేలాయి. సర్వే నాడు స్తంభాలు కనపడ్డాయి, నెంబరంతా శాఖదే అనుకున్నారు. దీనికీ చట్టంలో సమాధానముంది. కరెంటు లైన్లకూ వర్తింపజేసే 1885 టెలిగ్రాఫ్ చట్టం 10వ సెక్షను ప్రకారం, లైను వేసినంత మాత్రాన ఆ నేల మీద వాడుకునే హక్కు తప్ప మరే హక్కూ రాదు.

2022లో జాయింటు సర్వే జరిగింది. మునిసిపల్ సర్వేయరు, సంస్థ అసిస్టెంటు ఇంజనీరు, మాస్టారు, నేను. 1931 లీజులో హద్దులు 'తూర్పు డొంక, పడమర బావి' అని ఉన్నాయి. డొంక ఇప్పుడు సిమెంటు రోడ్డు. బావి పూడిపోయింది. వేపచెట్టు పక్కన గడ్డి తొలిగించాక బావి ఒర రాళ్ళు బయటపడ్డాయి. అక్కణ్ణుంచి టేపు పట్టి కొలిస్తే సబ్‌స్టేషన్ ప్రహరీ సరిగ్గా 30 సెంట్ల గీత మీదే నిలబడి ఉంది. దాన్ని కట్టినవాళ్ళకు తమ హద్దు తెలుసు. స్కెచ్ మీద అందరూ సంతకాలు చేశారు. 42 సెంట్ల మీద తమకు అభ్యంతరం లేదని సంస్థ రాసిచ్చింది. 2023లో కలెక్టరు ఉత్తర్వుతో ఆ మేర నిషేధిత జాబితా నుంచి తీసేశారు. మాస్టారు సగం అమ్మి పెళ్ళి అప్పు తీర్చారు.

ఇలాంటి కేసు వస్తే

నోటీసు తొందరపడి పంపకండి. నేను పంపిన నోటీసు వల్ల మూడు వాదనలు పుట్టాయి, ప్రతికూల స్వాధీనం లెక్కకు తేదీ కూడా దొరికింది. ముందు ఆ ఊరి కరెంటు ఏ చట్టం కింద, ఏ సంవత్సరం సర్కారుపరమైందో తేల్చుకోండి. లైసెన్సు గడువు తీరి కొన్నారా, ప్రత్యేక చట్టంతో తీసుకున్నారా అన్నదాన్ని బట్టి వెతకాల్సిన ఫైలు మారుతుంది. డబ్బిచ్చి తీసుకున్న ప్రతిచోటా ఆస్తుల జాబితా ఉండి తీరుతుంది, ఎందుకంటే జాబితా లేకుండా డబ్బు లెక్క తేలదు. ఆ జాబితా దొరికేదాకా దావా రాయొద్దని ఇప్పుడు మా ఆఫీసులో నియమం పెట్టుకున్నాను. భూసేకరణ అవార్డు లేదంటే రికార్డు మాయమైందని కాక, సేకరణే జరగలేదేమోనని కూడా ఆలోచించండి. ఇంటికి వెళ్ళండి. ఆడవాళ్ళు దాచిన పెట్టెలూ డబ్బాలూ చూపించమని అడగండి. ముప్ఫై ఏళ్ళు దాటిన పత్రం సరైన చేతిలో భద్రంగా ఉందంటే సాక్ష్య చట్టం కూడా దానికి ఊతమిస్తుంది. అక్కగారి చెయ్యి అలాంటి సరైన చెయ్యి.

30 సెంట్ల సంగతి ఇక్కడితో వదిలేద్దామని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. అక్కగారు ఒప్పుకోలేదు. "తాతయ్య అద్దెకిచ్చాడు గాని దానం చెయ్యలేదు" అంది. ఆవిడ పేరునే దావా వేశాం. సబ్‌స్టేషన్‌ని కదపమని అడగలేదు. హక్కు ప్రకటన, నేలకు పరిహారం, అద్దె బాకీ అడిగాం. కూపన్లు సాక్ష్యంగా మార్కయ్యాయి. లీజు ఉందన్న సంగతిని సంస్థ ఇప్పుడు కాదనడం లేదు. పరిహారం ఏ సంవత్సరం విలువ మీద కట్టాలి, అద్దె బాకీ ఎన్నేళ్ళ వెనక్కి అడగొచ్చు అన్న రెండింటి మీదే వాదన నడుస్తోంది.